కర్ర ఇల్లు కడదామనుకుంటున్నా

ఊళ్ళో కర్ర ఇల్లు కడదామనుకుంటున్నానని ఎవరితో అన్నా వరసగా మూడే ప్రశ్నలు. "చెద పట్టదూ?", "తగలబడిపోదూ?", "మరి తుఫానొస్తే?". నాలుగో ప్రశ్న మొహంలో కనిపిస్తుంది గానీ మర్యాదకి పైకి అనరు, వీడికేమన్నా పిచ్చా అని :). ఆఫీసులో అయితే ఇంకోటి కూడా కలుస్తుంది. ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన ప్రతివాడూ "అమెరికాలో ఇళ్ళు చూళ్ళేదా, అట్టపెట్టెలు బాస్, కోపమొచ్చి గుద్దితే గోడకి చిల్లు పడుతుంది" అని తన అనుభవం చెబుతాడు.

అడిగేవాళ్ళని తప్పు పట్టను. నేనూ ఆర్నెల్లుగా వీటి వెనకే తిరుగుతున్నా. ఇంజనీరింగ్ అయితే చదివాను కానీ కంప్యూటర్స్. సివిల్ వాళ్ళ ఐఎస్ కోడ్‌లు తెరవడం ఇదే మొదలు. చదివాక నాకు అర్థమైనంతలో, జనం భయపడే మూడింట్లో రెండింటికి అంత భయం అక్కర్లేదు. మూడోదానికి మాత్రం వాళ్ళు భయపడుతున్నదానికన్నా ఎక్కువే భయపడాలి. అన్నిటికన్నా పెద్దదైన ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని మా ఊరి వడ్రంగి తప్ప ఇంకెవ్వరూ అడగలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తా.

ముందు అమెరికా అట్టపెట్టెల సంగతి. అక్కడ కొత్తగా కట్టే విడి ఇళ్ళు పదింట తొమ్మిది కర్రవే. కానీ అది సన్న కర్రల పద్ధతి. రెండు బై నాలుగు అని పిలిచే బద్దలు (పేరే అది, కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే), పదహారంగుళాలకి ఒకటి చొప్పున నిలబెట్టి, మేకులు కొట్టి, బయటివైపు ప్లైవుడ్‌లాంటి షీట్లు బిగిస్తారు. లోపలివైపు కాగితాల మధ్య జిప్సం పెట్టిన పలక వేస్తారు. గుద్దితే చిల్లుపడేది ఆ పలకకి. ఇంటిని మోసేది అది కాదు. మనింట్లో ఫాల్స్ సీలింగ్ గుద్ది "ఈ స్లాబు ఎంత నాసిరకమో" అన్నట్టుంటుంది ఆ మాట.

నేననేది ఆ పద్ధతి కూడా కాదు. లావుపాటి స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద వాసాలు. ఒక కర్ర చివర నాలుకలా చెక్కి, ఇంకోదానికి బెజ్జం తొలిచి, అందులో దించి, అడ్డంగా కొయ్యమేకు దిగ్గొట్టే పాత పద్ధతి. కప్పు బరువంతా కర్రల మీదే ఉంటుంది. గోడ ఊరికే మధ్యలో నింపేదే. మన పెంకుటిళ్ళు దీనికి సగం చుట్టాలు. మండువా చుట్టూ, వసారాలోనూ కప్పుని స్తంభాలే మోస్తాయి, బయటివైపు మాత్రం గోడలు మోస్తాయి. పూర్తిగా ఫ్రేమ్ మీద నిలబడేవి కావాలంటే అస్సాం వైపు చూడాలి. 1897 భూకంపం తర్వాత అక్కడ బాగా వ్యాపించిన ఇళ్ళు ఇవే, కర్ర చట్రం మధ్యలో రెల్లు తడికలు, పైన పూత. కాశ్మీర్లో కూడా ఇలాంటిదొకటి ఉంది, కర్ర చట్రంలో రాళ్ళూ మట్టీ నింపుతారు, ధజ్జీ దేవారీ అంటారు. అంటే మనకి తెలియని విద్యేం కాదు. మరిచిపోయాం, అంతే.

మరిచిపోవడానికి ఒక సర్కారీ కారణం కూడా ఉందండోయ్. అడవుల్ని కాపాడాలని 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన కట్టడాల్లో కలప వాడకం ఆపేసింది. మళ్ళీ ఒప్పుకుంది 2020లో. ఇరవయ్యేడేళ్ళంటే ఒక తరం ఇంజనీర్లు. సివిల్ చదివిన నా ఫ్రెండుని ఒక దూలం లెక్క వేసిపెట్టరా అంటే, "స్టీల్ అడుగు చేస్తా, కాంక్రీట్ అడుగు చేస్తా, కర్ర మాకు లేదు" అన్నాడు. ఉంది, ఐఎస్ 883 అని కోడే ఉంది. వాడికి ఎవరూ చెప్పలేదు.

సరే, చెద. మాది కోనసీమ, అమలాపురం నుంచి అరగంట. ఎక్కడ చూసినా కొబ్బరి దుంగలు, తేమ నేల. చెద పట్టదని ఎవడన్నా అంటే వాణ్ణి నమ్మకండి. కాకపోతే ఇళ్ళు తినే మన చెద పురుగులు సాధారణంగా నేలలోంచి పైకి రావాలి. తడి కావాలి, వెలుతురు పడదు, అందుకే మట్టితో సొరంగం కట్టుకుంటూ వస్తాయి. దానికి మందు పాతకాలం వాళ్ళకే తెలుసు, స్తంభం నేలలో పాతేవాళ్ళు కాదు, రాతి దిమ్మ మీద నిలబెట్టేవాళ్ళు. నార్వేలో 800 ఏళ్ళుగా నిలబడి ఉన్న కర్ర చర్చిలదీ ఇదే కథ. అంతకుముందు కట్టినవి స్తంభాలు మట్టిలో పాతారు కాబట్టి మొదళ్ళు కుళ్ళి పోయాయి, తర్వాతవి రాయి మీదకెక్కించారు కాబట్టి మిగిలాయి. రాతి దిమ్మకీ స్తంభానికీ మధ్య అంచులు కిందకి వంచిన రేకు పెడితే, చెద సొరంగం ఆ అంచు చుట్టూ తిరిగి బయటికి రావాలి, అప్పుడు మన కంటపడుతుంది. పునాది చుట్టూ మందు కొట్టించడానికి ఐఎస్ 6313 ఉంది. అది కాంక్రీట్ ఇంటికైనా చేయించాల్సిందే, ఎందుకంటే వాళ్ళింట్లో తలుపులూ కబ్బోర్డులూ సిమెంటువి కావుగా.

ఇక్కడ అసలు కిటుకు కర్రలోనే ఉంది. చేవ ఉన్న కర్ర, చేవ లేని కర్ర. మాటవరసకి అనే చేవ కాదు, నిజం చేవ. టేకు దుంగ మధ్యలో ఉండే ముదురు రంగు భాగాన్ని చెద అంత తేలిగ్గా ముట్టదు. చుట్టూ ఉండే తెల్ల చెక్కని బిస్కట్లా తినేస్తుంది. పదిహేను, ఇరవయ్యేళ్ళకే కొట్టేసిన తోట టేకులో తెల్ల భాగమే బోలెడు. (90ల్లో టేకు మొక్కల స్కీముల్లో డబ్బులు పెట్టినవాళ్ళు మీ ఇంట్లో కూడా ఒకళ్ళుంటారు, అడగండి. ఆ చెట్లు ఎక్కడున్నాయో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.)

నిప్పు గురించి క్లుప్తంగా. మన మనసులో ఉన్నది తాటాకిల్లు, అది నిమిషాల్లో బూడిదవుతుంది. లావు స్తంభం అలా కాదు. పైన బొగ్గు కట్టి, ఆ బొగ్గే లోపలి కర్రని కాస్తుంది. గట్టి కర్ర నిమిషానికి అరమిల్లీమీటరు, కొంచెం అటూ ఇటూగా కాలుతుందని లెక్క. అరగంట మంటకి ఒక్కో వైపు ఇరవై మిల్లీమీటర్లు పోయిందనుకున్నా, ఎనిమిదంగుళాల స్తంభంలో మూడింట రెండొంతులు మిగిలే ఉంటుంది. ఇనుము అయితే 550, 600 డిగ్రీలకొచ్చేసరికి బలంలో దాదాపు సగం పోగొట్టుకుని వంగిపోతుంది. వైరింగ్ మాత్రం కక్కుర్తి పడకుండా పైపుల్లో వేయించాలి. నాకు భయమంతా అక్కడే.

ఇక గాలి. ఇక్కడ నా దగ్గర చమత్కారాలేం లేవు. 1996 నవంబరు 6 తుఫాను మా ఊళ్ళో ఇప్పటికీ తారీఖులకి గుర్తు. ఫలానా వాళ్ళ పెళ్ళి తుఫానుకి ముందా తర్వాతా అని మాట్లాడుకుంటారు. నేనప్పటికి పుట్టలేదు, కొబ్బరి తోటలు అగ్గిపుల్లల్లా పడిపోయిన సంగతి విని పెరిగాను. ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీరానికి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఒత్తిడి లెక్క చిన్నదే, వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణించడమే. 1500 న్యూటన్లు. అంటే చదరపు మీటరుకి సుమారు 150 కేజీలు. వాలు కప్పు మీదుగా గాలి పోతున్నప్పుడు కప్పుని కిందకి నొక్కడం కన్నా పైకి పీకడమే ఎక్కువ. అంచుల్లో, చూరు దగ్గర మరీ.

ఇప్పుడు బరువులు చూడండి. బంగాళా పెంకు, కింద బద్దలతో కలిపి చదరపు మీటరుకి 65 కేజీలు. వాసాలూ దూలాలూ కలిపినా 80. అయిదంగుళాల స్లాబు 310. అంటే పీకే గాలికి స్లాబు కదలదు, దాని బరువే దానికి కాపలా. పెంకుల కప్పుకి ఇంకో 70 కేజీలు ఎవరో ఒకరు కిందికి పట్టుకుని ఉండాలి. 120 చదరపు మీటర్ల కప్పు అనుకుంటే ఎనిమిది టన్నుల పైమాట. పన్నెండు స్తంభాలుంటే ఒక్కోటీ 700 కేజీల బలంతో రాతి దిమ్మ మీంచి పైకి లేవబోతుంది! రాతి దిమ్మ మీద ఊరికే నిలబెట్టిన స్తంభాన్ని ఆపేది ఏదీ లేదు, పైనుంచి వచ్చే బరువు తప్ప. (గాలి లెక్కలో ఎత్తూ, చుట్టూ చెట్లూ, తలుపులు తెరిచి ఉన్నాయా లేవా అన్నీ వస్తాయి. ఇది చేత్తో వేసిన లెక్క, ఇల్లు కట్టడానికి వాడకండి.)

నిజానికి అంతదాకా రాదు, పెంకులు ముందే ఎగిరిపోతాయి కాబట్టి చట్రం మిగులుతుంది. పాత ఇళ్ళు చాలావరకు అలాగే బతికాయి. కానీ పెంకులెగిరిపోయి, రాత్రంతా వాన లోపల కురిసిన ఇంట్లో చట్రం మిగిలిందని సంతోషించే వయసు మా అమ్మానాన్నలది కాదు. కాబట్టి పెంకుకి పెంకుకీ తీగ, వాసాన్ని దూలానికీ, దూలాన్ని స్తంభానికీ పట్టీలు, స్తంభాన్ని పునాదిలోంచి వచ్చే బోల్టుకీ బిగించాలి. గొలుసులో ఒక్క లింకు వదిలినా మిగతావి దండగ. నెట్‌వర్క్‌లో ఒక్క పోర్ట్ తెరిచి పెట్టి, ఫైర్‌వాల్‌కి లక్షలు పోసినట్టు. మా పాత ఇళ్ళ అందమంతా ఇనుము కనబడకపోవడంలో ఉంది. తీరంలో కట్టేవాడు ఆ అందాన్ని కొంచెం వదులుకోక తప్పదు.

ఇదంతా విని "అందుకే స్లాబు వేసుకోమనేది" అనేవాళ్ళకి ఒక మాట. ఐఎస్ 456 ప్రకారం సముద్ర తీర వాతావరణంలో కాంక్రీట్ కనీసం ఎం30 ఉండాలి, ఊచలకి 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. మన మేస్త్రీ కలిపే 1:2:4 ఎంతో తెలుసా? ఎం15. కవర్ కోసం ఊచల కింద రాయి ముక్కలు పెడతాడు, పోసేటప్పుడు వాటిని కాళ్ళతో తన్నేస్తారు. అందుకే మా ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళ డాబాలకి పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు పక్కటెముకల్లా కనిపిస్తుంటాయి. కర్ర ఇంటికి నూటొక్క ప్రశ్నలేసేవాళ్ళు స్లాబుకి ఒక్కటీ వెయ్యరు. స్లాబు బలం మీద మనకున్న నమ్మకంలో సగం సిమెంటు ప్రకటనలది.

మిగతా సగం మాత్రం ఊరికే వచ్చింది కాదు. మండువా లోగిళ్ళ గురించి మురిసిపోతూ రాసేవాళ్ళందరి తాతలూ మండువాల్లోనే పుట్టారల్లే ఉంది. ఊళ్ళో ఎక్కువమంది ఉన్నది తాటాకిళ్ళల్లో. మాదీ మండువా ఏం కాదు, తాటి దూలాల పెంకుటిల్లు, అది కూడా మా నాన్న చిన్నప్పుడు సగం తాటాకే. వానొస్తే ఎక్కడ ఏ గిన్నె పెట్టాలో ఆయనకి ఇప్పటికీ గుర్తుంది. ఆయనకి స్లాబంటే వాన రాత్రి లేవక్కర్లేకుండా నిద్రపోవడం. పక్కా ఇల్లు అన్న మాటకి ఆ తరంలో ఉన్న బరువు మనకి తెలీదు. ఎయిర్ కండిషన్డ్ ఫ్లాట్‌లో కూర్చుని "సిమెంటు వేడి, కర్ర చల్లన" అని ఆయనకి పాఠం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అన్నట్టు కచ్చా, పక్కా అంటే గుర్తొచ్చింది. కర్ర ఇంటికి ఇన్సూరెన్స్ ఇవ్వరని చాలామంది చెప్పారు. 2021 నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో చూస్తే, కచ్చా కట్టడం అంటే గోడలో కప్పో కర్ర పలకలు, తాటాకు, గడ్డి, వెదురు, ప్లాస్టిక్ గుడ్డ, టార్పాలిన్‌లాంటి వాటితో ఉన్నది. కర్ర స్తంభాలు, ఇటుక గోడ, పెంకు కప్పు అందులోకి రావని నేను అర్థం చేసుకున్నా. ప్రపోజల్ ఫారంలో ఉన్నదున్నట్టు రాసి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకోవడమే మంచిది. నోటిమాటకి ఏజెంట్లందరూ అవుననే అంటారు.

డబ్బుల దగ్గరకొస్తే కొంచెం గుండె జారుతుంది. పన్నెండు స్తంభాలు ఎనిమిదంగుళాల చదరం, పదడుగుల ఎత్తు, అవే 53 ఘనపుటడుగులు. దూలాలకి ఓ 50. వాసాలకి 70. చెక్కుడులో పోయేదీ, బద్దలూ కలిపి 200 అనుకోండి. నాకు ఒక కలప డిపోలో చెప్పిన మంచి టేకు రేటు అడుగు 4,500. తొమ్మిది లక్షలు, ఇంకా ఎవరూ ఉలి పట్టుకోకముందే! దూలాలకి మద్ది వాడి, టేకు స్తంభాలకి మాత్రమే ఉంచితే తగ్గుతుంది. ఇంకో దారి పాత కలప. ఇళ్ళు విప్పినప్పుడు వచ్చే కర్రలమ్మే కొట్లున్నాయి. డెబ్భై, ఎనభై ఏళ్ళు ఆరిన కర్ర ఇంక వంగదు, బీటలివ్వాల్సినవి ఎప్పుడో ఇచ్చేసింది. కొత్త కర్రకి ఆ నమ్మకం లేదు. బట్టీలో పెట్టి తేమ పన్నెండు, పదిహేను శాతానికి తెస్తే తప్ప, కట్టాక సందులు విడిపోతాయి. పాత స్తంభాలకి ఇప్పుడు రిసార్టుల వాళ్ళతో పోటీ. వాళ్ళు బేరమాడరు, అదే గొడవ.

చివరికి వడ్రంగి. మా ఊళ్ళో ఆ పాత అతుకులు చెయ్యగలిగినాయన ఒక్కడే మిగిలాడు, అరవై దాటాయి. కొడుకులిద్దరూ ప్లైవుడ్ కబ్బోర్డులు చేస్తారు, వాళ్ళకి అందులోనే గిట్టుబాటు. నేను కాగితం మీద గీసుకెళ్ళిన బొమ్మ చూసి, వాసాల మధ్య దూరం తప్పని చెప్పి, మొత్తం విన్నాక అడిగాడాయన.

"కర్ర తెచ్చుకుంటే కట్టడం ఎంతసేపండి బాబూ, ఆయ్. మరి ఇంట్లో ఎవరుంటారండి?"

చెదా, నిప్పూ, గాలీ అన్నీ కలిపి ఈ ఒక్క ప్రశ్నకి సాటి రావు. మా వీధిలో పదిళ్ళుంటే నాలుగింటికి తాళాలు. హైదరాబాదు, బెంగుళూరు, డల్లాస్. తాళం వేసిన ఇంట్లో జూన్‌లో కోతి ఒక పెంకు జరుపుతుంది. వానాకాలమంతా ఆ వాసం మీద చుక్క చుక్క పడుతుంది. తేమ ఇరవై శాతం దాటి అలాగే నిలిస్తే బూజు పట్టి కుళ్ళడం మొదలు. తడిసిన కర్రంటే చెదకి విందు. మట్టి సొరంగం కళ్ళకి కనబడే చోటే ఉంటుంది, చూసే కళ్ళే ఉండవు. మూడేళ్ళ తర్వాత సంక్రాంతికి తాళం తీస్తే దూలం వేలితో పొడిస్తే దిగుతుంది. మా ఊరి పాత ఇళ్ళని చంపింది సిమెంటు కాదు, ఈ తాళాలే. స్లాబు కూడా కారుతుంది, ఊచ కూడా తుప్పు పడుతుంది, కాకపోతే అది పదేళ్ళు ఓర్చుకుంటుంది. పట్టించుకోనివాడికి కాంక్రీటే సరైన ఇల్లు. ఎగతాళికి అనట్లేదు.

జపాన్‌లో హోర్యూజీ ఆలయం 1300 ఏళ్ళుగా నిలబడిందని కర్ర ఇంటి అభిమానులందరం చెబుతాం. దాన్ని ఎన్నిసార్లు విప్పి, పాడైన ముక్క తీసి కొత్త ముక్క అతికి మళ్ళీ బిగించారో చెప్పం. ఇసే ఆలయాన్నైతే ఇరవయ్యేళ్ళకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు, మొన్నటిది 2013లో. అందుకే అక్కడ వడ్రంగి విద్య చావలేదు. మన భాషలో చెప్పాలంటే అది వదిలేసిన పాత కోడ్ కాదు, ప్రతి రిలీజ్‌కీ ఎవరో ఒకరు ముట్టుకుంటున్న కోడ్. మెయింటెయిన్ చేసేవాడు లేనప్పుడు ఏ భాషలో రాశామన్నది ఎవడికి కావాలి?

మా విషయంలో ఆశ ఏంటంటే నాన్న రెండేళ్ళలో రిటైరవుతారు, ఇద్దరూ ఊళ్ళోనే ఉంటామంటున్నారు. అది చెప్పి నేను గెలిచాననుకునేలోపు అమ్మ అంది, "ఉంటాం సరే నాన్నా, డెబ్భయ్యేళ్ళొచ్చాక మీ నాన్న పెంకులెక్కి సర్దుతారా, నువ్వొస్తావా?" రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి ఊళ్ళో ఉండొచ్చు కదా అన్నాను. నా రిలీజ్ తారీఖులు ఆవిడకి బాగా తెలుసు, ఏమీ మాట్లాడలేదు.

ప్రస్తుతానికి కాగితం మీదున్నది ఇది. వంటగది, బాత్రూము, ఒక పడకగది వెనకవైపు స్లాబు కింద, ఎం30 కాంక్రీట్‌తో, కవర్ దిమ్మలు నేనే దగ్గరుండి పెట్టిస్తా. తుఫాను రాత్రి అందరూ ఆ గదిలో ఉంటారు. ముందు హాలూ, వసారా కర్ర ఫ్రేము, పెంకు కప్పు, కింది నుంచి పైదాకా బోల్టులు. స్తంభాలు పన్నెండు కాదు, ఎనిమిది. చూరు తక్కువ ఎత్తులో, మనిషి నిచ్చెన వేసుకుని అందుకునేలా. ఏడాదికోసారి వానలకి ముందు పెంకులు సర్దడానికీ, చెద చూడటానికీ, రెండేళ్ళకోసారి నూనె పట్టించడానికీ కలిపి ఒక మొత్తం పక్కన పెట్టి, దాన్ని ఇంటి ఖర్చులోనే రాసుకున్నా.

నాన్న ఇంకా ఒప్పుకోలేదు. స్లాబు గదులు ముందు కట్టి చూపించు, తర్వాత మాట్లాడదామన్నారు. అది నాకూ బాగానే ఉంది. వచ్చే నెల పాత కలప కొట్టులో స్తంభాలు చూడ్డానికి వెళ్తున్నా. వడ్రంగాయన్ని కూడా తీసుకెళ్తా, సుత్తితో కొట్టి చప్పుడు విని చేవ చెబుతాడట. పునాది మాత్రం రెండు భాగాలకీ ఒకేసారి వేయిస్తున్నా, ముందు వైపు ఎనిమిది చోట్ల బోల్టులు పైకి ఉంచి.